రోమన్ సైన్యం, రోమన్ సమాజం: ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

క్రీ.పూ. 171. మాసిడోనియా మీద కొత్త యుద్ధానికి రోములో సైనికులను ఎంపిక చేస్తున్నారు. అంతకుముందు సెంచూరియన్లుగా, అంటే దళ నాయకులుగా, చేసిన కొందరు తమకు పాత హోదా ఇవ్వడం లేదని గొడవకు దిగారు. అప్పుడు స్పూరియస్ లిగస్టినస్ అనే యాభై దాటిన మనిషి లేచి తన బతుకు చెప్పుకున్నాడు. నాన్న వదిలి వెళ్లిన ఆస్తి ఒక యూగెరం నేల, ఒక చిన్న గుడిసె. యూగెరం అంటే పావు హెక్టారు. మన లెక్కలో 62 సెంట్లు, తెలంగాణలో అయితే 25 గుంటలు. వయసు రాగానే నాన్న తన సొంత అన్నదమ్ముల్లో ఒకరి కూతుర్ని తెచ్చి పెళ్లి చేశాడు. మన వరసల్లో ఆమె చెల్లెలు అవుతుంది, వాళ్లకు అది తప్పు కాదు. కట్నం ఏమీ రాలేదు. ఆరుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. 22 ఏళ్లు సైన్యంలో గడిచాయి. ధైర్యానికి 34 సార్లు బహుమానాలు వచ్చాయి. తోటి పౌరుడి ప్రాణం కాపాడినవాడికి ఇచ్చే ఓక్ ఆకుల కిరీటం ఆరు సార్లు అందుకున్నాడు.

ఇదంతా లివీ అనే రోమన్ చరిత్రకారుడు తన చరిత్ర 42వ పుస్తకంలో, అంటే 42వ భాగంలో, రాశాడు. ప్రసంగాన్ని లివీ తన మాటల్లో తీర్చిదిద్ది ఉంటాడు. అయినా ఇలాంటి రైతు సైనికుడి నోట అంత వివరంగా వచ్చిన కథ రోమన్ సాహిత్యంలో చాలా అరుదు.

రోమన్ సైన్యం గురించి చదవాలి, ఏ పుస్తకం కొనమంటారు అని ఎవరైనా అడిగితే నాకు ముందు లిగస్టినస్ గుర్తొస్తాడు. 62 సెంట్లతో పది మంది ఎలా తిన్నారు? ఆయన మాసిడోనియాలో, స్పెయిన్‌లో ఉన్నప్పుడు ఆ నేల ఎవరు దున్నారు? కొన్నిసార్లు పిలవకపోయినా తనంతట తనే ఎందుకు చేరాడు? సైన్యం మీద రాసిన పుస్తకాలు సెంచూరియన్ అంటే ఎవరో చక్కగా చెబుతాయి. సమాజం మీద రాసినవి పొలం గురించి, కుటుంబం గురించి చెబుతాయి. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉన్నాయని చూపించే పుస్తకాలు తక్కువ. అందుకే నా సలహా ఇది: ఏ పుస్తకమైనా కొనే ముందు, అది లిగస్టినస్‌ను మీకు ఎంతవరకు అర్థం చేయిస్తుందో చూడండి.

అలా చూడకుండా కొన్న తప్పు చేసినవాడిగా చెబుతున్నాను. నేను మొదట కొన్నది హైదరాబాద్ అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక లావుపాటి బొమ్మల పుస్తకం. అందులో కత్తులు, డాళ్లు, శిరస్త్రాణాలు తప్ప మరొకటి లేదు. ఏడాది పాటు తిరగేశాక కత్తి పొడవెంతో తెలిసింది. ఆ కత్తికి డబ్బు ఎవరు కట్టారో మాత్రం తెలియలేదు. ఆ డబ్బును సైనికుడి జీతంలోంచే కోసేవారని తెలియడానికి నాకు ఇంకో నాలుగు పుస్తకాలు పట్టాయి.

ఈ పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నవే. అందుకని ఏది సులువుగా చదవొచ్చు, ఏది కష్టం అన్నది కూడా కలిపి చెబుతాను.

మొదటి పుస్తకం

ఇక్కడ పోటీ మూడింటి మధ్య. ఏడ్రియన్ గోల్డ్స్‌వర్దీ రాసిన ‘ది కంప్లీట్ రోమన్ ఆర్మీ’ 2003లో వచ్చింది. అదే రచయిత 2000లో రాసిన చిన్న పుస్తకం ‘రోమన్ వార్‌ఫేర్’. మూడోది ఫిలిప్ మాటిషాక్ 2009లో రాసిన ‘లీజనరీ’.

‘లీజనరీ’ మిమ్మల్నే కొత్తగా చేరే సైనికుడిగా పెట్టి మాట్లాడుతుంది. కాలం క్రీ.శ. 100, ట్రాజన్ చక్రవర్తి డేసియా (ఇప్పటి రొమేనియా ప్రాంతం) మీదకు వెళ్లడానికి కాస్త ముందు. చేరాలంటే ఏం కావాలి, ఏ లీజియన్ (కొన్ని వేల మంది ఉండే దళం) మంచిది, మూటలో ఏం మోయాలి, సెంచూరియన్ కోపం నుంచి ఎలా తప్పించుకోవాలి, ఇలా సాగుతుంది. ఇంగ్లీషు చాలా తేలిక, రెండు రోజుల్లో అయిపోతుంది. లోటు ఏమిటంటే ఇది ఒక్క కాలాన్నే చూపిస్తుంది. లిగస్టినస్ కాలంలో సైనికుడు పొలం ఉన్న రైతు. యుద్ధం అయ్యాక ఇంటికి వెళ్లిపోవాలి. క్రీ.శ. 100 నాటి సైనికుడికి సైన్యమే ఉద్యోగం, 20 ఏళ్లకు పైగా అందులోనే. ఈ మధ్యలో ఏం జరిగిందన్నదే రోమ్ చరిత్రలో పెద్ద ప్రశ్న, ఆ ప్రశ్న ఈ పుస్తకం పరిధిలో లేదు.

‘రోమన్ వార్‌ఫేర్’ ఆ మార్పును కాలక్రమంలో చెబుతుంది. మ్యాపులు, యుద్ధ పటాలు బాగున్నాయి. కానీ దాని దృష్టి యుద్ధం మీదే ఉంటుంది, సైనికుడి ఇంటి మీద కాదు.

నా ఓటు ‘ది కంప్లీట్ రోమన్ ఆర్మీ’కి. చక్రవర్తులకు ముందున్న రిపబ్లిక్ కాలం నుంచి చివరి శతాబ్దాల దాకా ఉంది. చేరిక, శిక్షణ, జీతం, తిండి, ఆసుపత్రి, పెళ్లి, రిటైర్మెంట్, సమాధి రాళ్లు, అన్నిటికీ చోటుంది. ఏ అధ్యాయం ముందు చదివినా ఇబ్బంది లేదు. సమాధి రాళ్ల ఫోటోల దగ్గర ఆగి చూడండి: పేరు, ఊరు, ఎన్నేళ్లు పనిచేశాడు, ఏ వయసులో పోయాడు, రాయి ఎవరు పెట్టించారు. రెండు వాక్యాల్లో ఒక మనిషి జీవితం మన ముందుంటుంది. ఒక్కో అంశానికి రెండు మూడు పేజీలే ఇచ్చి ముందుకు వెళ్లిపోవడం దీని లోటు. అయినా మొదటి పుస్తకానికి అది సరిపోతుంది. ఇంగ్లీషు చదవడం అలవాటు లేకపోతే ముందు ‘లీజనరీ’, తర్వాత ఇది.

ఇంట్లో పది పన్నెండేళ్ల పిల్లలు అడిగితే పీటర్ కనోలీ బొమ్మలతో చేసిన ‘టైబీరియస్ క్లాడియస్ మాక్సిమస్: ది లీజనరీ’ వెతకండి. కథలోని మనిషి నిజంగా ఉన్నవాడు. డేసియా రాజు డెసిబాలస్‌ను వెంటాడి, అతని తలను ట్రాజన్ దగ్గరికి తెచ్చింది తానేనని సమాధి రాయి మీద చెక్కించుకున్నాడు. ఆ రాయి 1965లో గ్రీసులో దొరికింది. ఊరు ఎలా కడతారో తెలియాలంటే డేవిడ్ మెకాలే గీసిన ‘సిటీ’, 1974 నాటిది, నలుపు తెలుపు గీతల్లో. మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా దాన్ని పక్కన పెట్టలేదు.

పాత పుస్తకం చేతికొస్తే

సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా దొరికేవి 1960లు, 70ల నాటి పుస్తకాలు. కొన్ని ఇప్పటికీ మంచివే. గ్రహమ్ వెబ్‌స్టర్ 1969లో రాసిన ‘ది రోమన్ ఇంపీరియల్ ఆర్మీ’లో కోటల నిర్మాణం గురించిన భాగం చదివి తీరాల్సినదే. కాకపోతే రెండు విషయాల్లో పాత పుస్తకాలను జాగ్రత్తగా చదవాలి.

మొదటిది మారియస్ సంగతి. క్రీ.పూ. 107లో గయస్ మారియస్ అనే సేనాని ఆస్తి లేని పేదలను కూడా సైన్యంలో చేర్చుకున్నాడని రోమన్ చరిత్రకారుడు సాలస్ట్ రాశాడు. పాత పుస్తకాలు దీన్ని పట్టుకుని, ఆ ఒక్క మనిషి ఒక్క దెబ్బతో రైతు సైన్యాన్ని జీతగాళ్ల సైన్యంగా మార్చేశాడని చెబుతాయి. కోహర్ట్‌లు (లీజియన్‌లోని ఉపదళాలు), ఆయుధాలు, జెండాలు, మొత్తం ఆయన ఖాతాలోనే వేస్తాయి. ఇప్పటి పరిశోధకుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోరు. ఆస్తి అర్హత అప్పటికే తగ్గుతూ వచ్చింది, కోహర్ట్‌లు అంతకుముందే కనబడతాయి, మిగతా మార్పులు తర్వాత దశాబ్దాల్లో నెమ్మదిగా వచ్చాయి. ‘మారియన్ సంస్కరణలు’ అని పెద్ద అక్షరాల్లో శీర్షిక పెట్టి మూడు పేజీల్లో ముగించే పుస్తకమైతే, సమాజం గురించి అది చెప్పే మాటను మరో పుస్తకంతో సరిచూసుకోండి.

రెండోది క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో వారస్ అనే రోమన్ సేనాని కింద మూడు లీజియన్లు తుడిచిపెట్టుకుపోయిన ఘటన. ఆ చోటు ఎక్కడన్నది చాలాకాలం ఊహే. 1987 నుంచి కాల్‌క్రీజ అనే చోట నాణేలు, ఆయుధాలు, కవచం ముక్కలు బయటపడుతూ వచ్చాయి. యుద్ధం గురించే కాదు, ఇనుప పట్టీల కవచం ఎప్పటి నుంచి వాడుకలో ఉందన్న లెక్క కూడా దాంతో వెనక్కి జరిగింది. అందుకే పాత పుస్తకాల షాపులో నేను చేసే పని ఒకటుంది. వెనక పదసూచిక తెరిచి కాల్‌క్రీజ పేరు ఉందేమో చూస్తాను. లేకపోతే ఆ పుస్తకం కొనకూడదని కాదు, ఆయుధాల భాగాన్ని నమ్మకూడదని.

ఆయుధాలే మీ ఆసక్తి అయితే, బొమ్మలు వేసేవాళ్లకీ గేములు చేసేవాళ్లకీ ఒకటే పేరు చెబుతాను: బిషప్, కౌల్‌స్టన్ రాసిన ‘రోమన్ మిలిటరీ ఎక్విప్‌మెంట్’. 2006 నాటి రెండో ముద్రణే అడగండి, 1993 నాటిది వద్దు.

సమాజం వైపు నుంచి

మేరీ బియర్డ్ ‘ఎస్పీక్యూఆర్’ 2015లో వచ్చింది. చాలామంది ఇదే మొదట కొంటారు, మంచి పనే. క్రీ.పూ. 63లో సిసెరో, కాటిలీన్ అనే ఇద్దరు రాజకీయ నాయకుల గొడవతో మొదలై, వెనక్కి ఊరి పుట్టుక దాకా వెళ్లి, క్రీ.శ. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వేచ్ఛా జనం దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చిన చోట ఆగుతుంది. యుద్ధ వర్ణనలు ఆశించి కొంటే నిరాశ తప్పదు. అయితే సైన్యం గురించి ఒక పెద్ద మాట ఇందులో ఉంది. రోమ్ ఓడించిన ఊళ్ల నుంచి పన్నుల కంటే ముందు మనుషుల్ని అడిగింది; ఓడినవాళ్లు తర్వాతి యుద్ధానికి సైనికుల్ని పంపాలి. ఒక చిన్న ఊరు యుద్ధం తర్వాత యుద్ధం ఓడినా మళ్లీ సైన్యం నిలబెట్టగలిగింది అందుకే. ఆ అధ్యాయం కోసమైనా చదవాలి.

జెరోమ్ కార్కోపినో ‘డైలీ లైఫ్ ఇన్ ఏన్షియంట్ రోమ్’ 1939లో ఫ్రెంచిలో వచ్చింది. ఇప్పటికీ అచ్చులో ఉంది, పాత లైబ్రరీల్లో తప్పక కనబడుతుంది. అంతస్తుల మేడలు, ఇరుకు వీధులు, స్నానశాలలు, విందులు కళ్లకు కట్టినట్టు ఉంటాయి. కానీ అదంతా ఒక్క రోమ్ నగరం. పైగా జువెనల్, మార్షల్ లాంటి వ్యంగ్య కవులు అన్న మాటల్ని నిజం వార్తల్లా తీసుకుంటుంది. ఆడవాళ్ల గురించి చెప్పేచోట రచయిత తన కాలపు నీతి బోధ కలిపేశాడు. సైనికుడు ఇందులో దాదాపు లేడు. రెండో మూడో పుస్తకంగా పర్వాలేదు, మొదటిదిగా వద్దు.

సైన్యం పుస్తకం చదివి ఇటు వచ్చేవాళ్లకు నేను ఇచ్చేది రాబర్ట్ నాప్ ‘ఇన్విజిబుల్ రోమన్స్’, 2011. సెనేటర్లు, చక్రవర్తులు పక్కకు తప్పుకుంటారు. మామూలు మగవాళ్లు, ఆడవాళ్లు, పేదలు, బానిసలు, విడుదలైన బానిసలు, సైనికులు, వేశ్యలు, గ్లాడియేటర్లు, దొంగలు, ఒక్కొక్కరికీ ఒక అధ్యాయం. సైనికుడు వీళ్ల మధ్య ఒకడిగా కనబడటమే ఈ పుస్తకం గొప్ప. సమాధి రాళ్లు, కలల ఫలితాల పుస్తకాలు, నీతి కథలు, పపైరస్ చీటీలు ఆధారాలు. అక్కడక్కడ ఒకే చిన్న ఆధారం మీద పెద్ద మాట అనేస్తాడు, అది గుర్తుంచుకుని చదవాలి. డిగ్రీ, పీజీ చరిత్ర విద్యార్థులైతే గార్న్‌సీ, సాలర్ కలిసి 1987లో రాసిన ‘ది రోమన్ ఎంపైర్: ఎకానమీ, సొసైటీ అండ్ కల్చర్’ చదవండి. పరీక్షకు ఉపయోగపడే పుస్తకం అదే. బొమ్మల కోసం, కథల కోసం మాత్రం కాదు.

రెండూ కలిసే చోటు

ఇక్కడికే నేను మిమ్మల్ని తీసుకురావాలనుకున్నది.

లిగస్టినస్ పొలం ప్రశ్నకు రెండు పుస్తకాలు రెండు జవాబులు చెబుతాయి. కీత్ హాప్కిన్స్ ‘కాంకరర్స్ అండ్ స్లేవ్స్’, 1978. ఆయన వాదన ఇలా ఉంటుంది: దీర్ఘ యుద్ధాలు రైతును పొలం నుంచి లాగేశాయి, అదే యుద్ధాలు బానిసల్ని, దోపిడీ సొమ్మును ఇటలీకి తెచ్చాయి, ఆ సొమ్ముతో ధనవంతులు రైతు నేలలు కొని ఆ బానిసలతోనే సాగు చేయించారు. అంటే రైతు సైనికుడు గెలిచి తెచ్చిందే అతని పొలం పోవడానికి కారణమైంది. చదువుతుంటే గుండె బరువెక్కే వాదన ఇది. నేథన్ రోజెన్‌స్టైన్ 2004లో రాసిన ‘రోమ్ ఎట్ వార్’ దీన్ని ఎదుర్కొంటుంది. రోమన్ మగవాళ్లు ఇరవైల చివర్లో గానీ పెళ్లి చేసుకునేవారు కాదని, సైన్యానికి వెళ్లేది పెళ్లి కాని కొడుకులని, ఇంట్లో మిగిలిన చేతులతో పొలం నడిచేదని అంటాడు. ఇటలీ గ్రామాల్లో జనం తగ్గలేదు, పెరిగి పెరిగి నేల చాలక ఇబ్బంది వచ్చిందంటాడు.

లెక్కల బలం రోజెన్‌స్టైన్‌దే అనిపిస్తుంది నాకు. అయితే ఒకటి గమనించండి. మన లిగస్టినస్ వయసు రాగానే పెళ్లి చేసుకున్నానని చెప్పాడు, పెళ్లాం పిల్లల్ని వదిలే యుద్ధాలకు వెళ్లాడు. ఒక్క మనిషితో సిద్ధాంతం కూలదు. కానీ ఆ ఇంట్లో పొలం పని ఎవరి మీద పడిందో, ఆ ఇల్లాలి పేరు కూడా లివీ రాయలేదే అని ఆలోచిస్తూ ఈ రెండు పుస్తకాలూ చదివితే అవి వేరేలా కనబడతాయి. రెండూ కొననక్కర్లేదు. హాప్కిన్స్ మొదటి అధ్యాయం, రోజెన్‌స్టైన్ ముందుమాట, ముగింపు చాలు. యూనివర్సిటీ లైబ్రరీలో దొరికితే అక్కడే కూర్చుని చదవండి.

పొలం నుంచి సరిహద్దుకు వెళ్దాం. రోమన్ బ్రిటన్ ఉత్తర కొసన వింద్‌లాండా అనే కోట ఉంది. అక్కడి తడి మట్టిలో 1973 నుంచి పల్చటి చెక్క పలకల మీద సిరాతో రాసిన ఉత్తరాలు బయటపడుతున్నాయి, ఎక్కువ భాగం క్రీ.శ. 100 ప్రాంతం నాటివి. వాటి మీద అలన్ బౌమన్ 1994లో రాసిన ‘లైఫ్ అండ్ లెటర్స్ ఆన్ ది రోమన్ ఫ్రాంటియర్’ సన్నటి పుస్తకం. సైన్యం, సమాజం రెండూ ఒకే పుస్తకంలో కావాలి, ఒక్కటే కొంటాను అన్నవాళ్లకు నేను ఇదే చెబుతాను.

ఒక పలకలో ఆ కోట దళం హాజరు లెక్క ఉంది. పేరుకు 752 మంది. అందులో 456 మంది ఊళ్లో లేరు. వేరే కోటకు, గవర్నర్ అంగరక్షణకు, ఇతర పనులకు వెళ్లారు. మిగిలిన 296 మందిలో 31 మంది పనికి రాని స్థితిలో ఉన్నారు: 15 మందికి జబ్బు, 6 మందికి గాయాలు, 10 మందికి కళ్ల జబ్బు. పనికొచ్చేవాళ్లు 265. యుద్ధ పుస్తకాల్లో మ్యాపు మీద నీలం గడిగా కనబడే దళం అసలు రూపం ఇది. మరో పలకలో ఎవరో ఇంకెవరికో మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపించానని రాశారు. ఇంకో దాంట్లో క్లాడియా సెవెరా అనే అధికారి భార్య, సల్పీషియా లెపిడినా అనే మరో అధికారి భార్యను తన పుట్టినరోజుకు రమ్మని పిలిచింది. గుమస్తా రాసిన ఉత్తరం చివర తన చేత్తో రెండు ముక్కలు కలిపింది: నీ కోసం ఎదురుచూస్తుంటాను అక్కా, అని. లాటిన్‌లో ‘సోదరి’ అనే ఉంది, ఎవరు పెద్దో చెప్పలేదు; తెలుగులో చదువుకుంటుంటే నాకు అక్కా అనే వినబడింది. ఒక స్త్రీ స్వయంగా రాసిన లాటిన్‌లో మనకు దొరికిన అతి పాత రాతల్లో అదొకటి.

ఈ పలకల పాఠాలు, ఫోటోలు, ఇంగ్లీషు అనువాదాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. పుస్తకం కొనే ముందు పది పలకలు చూడండి. అవి మీకు నచ్చకపోతే పుస్తకమూ నచ్చదు.

సైనికుల పెళ్లిళ్ల గురించి ఒక్క మాట. మొదటి చక్రవర్తి అగస్టస్ కాలం నుంచి సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి దాకా, దాదాపు 200 ఏళ్లు, సర్వీసులో ఉన్న సైనికుడి పెళ్లి చట్టం ముందు చెల్లదు. అయినా కోటల పక్కన కుటుంబాలు ఉండేవి. సారా ఎలీస్ ఫాంగ్ 2001లో రాసిన పుస్తకం దీని గురించే. లోతైన పని, ఖరీదైన పుస్తకం, లైబ్రరీలో చదవాల్సినదే.

పాతవాళ్ల మాటలు ముందే చదవండి

కొత్తవాళ్లు ప్రాచీన రచయితల్ని చివరికి వాయిదా వేస్తారు, కష్టమని భయపడి. నేను తిరగేసి చెబుతాను: గోల్డ్స్‌వర్దీ సగం చదివాక రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ‘ఆనల్స్’ మొదటి పుస్తకం తీయండి, 16 నుంచి 30వ అధ్యాయం దాకా. ఇరవై పేజీలు కూడా కాదు.

క్రీ.శ. 14లో అగస్టస్ చనిపోయాడు. పనోనియా అనే సరిహద్దు రాష్ట్రంలో మూడు లీజియన్లు తిరగబడ్డాయి. పెర్కెనియస్ అనే మామూలు సైనికుడు గుంపులో నిలబడి అడుగుతాడు: ముప్పై, నలభై ఏళ్లు చాకిరీ చేయించుకుంటారు, బతికి బయటపడితే పొలం పేరుతో బురద మడుగో, కొండ రాయో ఇస్తారు, రోజుకు పది ఆసెస్ (చిల్లర నాణేలు) మన ప్రాణం ఖరీదు, అందులోంచే బట్టలు, ఆయుధాలు, గుడారం, అందులోంచే సెంచూరియన్ లంచం. లూసిలియస్ అనే సెంచూరియన్ ద్రాక్ష కర్రతో సైనికుల్ని కొట్టేవాడు. కర్ర విరిగితే ‘ఇంకోటి తే’ అని అరిచేవాడు. సైనికులు అతనికి అదే పేరు పెట్టారు, ఆ తిరుగుబాటులో చంపేశారు.

ఇప్పుడు మీ ఆధునిక పుస్తకంలో జీతం పేజీ తెరవండి. ఏడాదికి 225 దేనారీలు, అంటే వెండి నాణేలు, అని ఉంటుంది. ఒక దేనారీకి 16 ఆసెస్. మొత్తం 3,600. దాన్ని 360 రోజులతో భాగిస్తే సరిగ్గా పది. పెర్కెనియస్ ఏడుపు లెక్క తప్పలేదు. ఇలా రెండు పుస్తకాలు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు వచ్చే ఆనందం కోసమే నేను ఈ చరిత్ర చదువుతాను.

ఆ జీతం చేతికి ఎంత వచ్చేదో తెలియాలంటే ఈజిప్టులో దొరికిన క్రీ.శ. 81 నాటి ఒక పపైరస్ ఉంది, మన పే స్లిప్ లాంటిదే. ఏడాదికి మూడు కిస్తీలు, ఒక్కోటి 248 ద్రాక్మాలు (అక్కడి నాణేలు). మొదటి కిస్తీలో కోతలు: తిండికి 80, బట్టలకు 60, శిబిరంలో సాటర్నేలియా పండక్కి 20, చెప్పులు పట్టీలకు 12, గడ్డికి 10. మిగిలింది 66. ఇలాంటి పత్రాలు, శాసనాలు, ఉత్తరాలు ఒకచోట కావాలంటే బ్రయన్ క్యాంప్‌బెల్ 1994లో కూర్చిన ‘ది రోమన్ ఆర్మీ’ సంకలనం ఉంది. మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివే పుస్తకం కాదు. రోజుకు ఒక పత్రం చొప్పున చదవాలి.

ఆ దేనారీలు మన నేలలోనూ ఉన్నాయి. నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల్లో అగస్టస్, టైబీరియస్ బొమ్మలున్న వెండి దేనారీల నిధులు బయటపడ్డాయి. పెర్కెనియస్ అడిగిన జీతం, మన రేవుల్లో వర్తకులు తీసుకున్న వెల, రెండూ అదే నాణెం. భారత్ ఏటా 5 కోట్ల సెస్టర్సులు (మరో రోమన్ నాణెం) పీల్చేస్తోందని రోమన్ రచయిత పెద్ద ప్లినీ వాపోయింది ఆ వర్తకం గురించే.

మిగతా ప్రాచీన రచయితల్లో సీజర్ అందరికీ తెలిసిన పేరు. ‘గాలిక్ వార్’ వేగంగా సాగుతుంది. అయిదో పుస్తకంలో పుల్లో, వొరేనస్ అనే ఇద్దరు సెంచూరియన్ల పంతం, ఏడో దాంట్లో క్రీ.పూ. 52 నాటి అలీసియా ముట్టడి, రెండూ కథలా చదివిస్తాయి. కానీ లీజియన్ అంటే ఏమిటో సీజర్ ఎక్కడా వివరించడు, ఆయన పాఠకులకు అది తెలుసు. అన్నిచోట్లా తప్పు ఇంకొకరిది, గెలుపు తనది. నాకు ఆ పుస్తకంలో మర్చిపోలేని వాక్యం యుద్ధం గురించినది కాదు. రెండో పుస్తకం చివర ఒక పట్టణం పడిపోయాక, అక్కడి జనాన్ని మొత్తం ఒకే వేలంలో అమ్మేశానని, కొన్నవాళ్లు చెప్పిన లెక్క 53,000 మంది అని రాస్తాడు. అంతే, తర్వాతి విషయానికి వెళ్లిపోతాడు. హాప్కిన్స్ చెప్పిన బానిసలు ఎక్కడి నుంచి వచ్చారో ఆ ఒక్క వాక్యంలో ఉంది. అనువాదాల్లో కరొలిన్ హామండ్‌ది చవక, నోట్సు బాగున్నాయి. ‘ది లాండ్‌మార్క్ జూలియస్ సీజర్’, 2017, బరువైన పుస్తకం. అడుగడుగునా మ్యాపులు ఉంటాయి. భూగోళం తెలియక ఇబ్బంది పడేవాళ్లు ఖర్చు పెట్టవచ్చు.

పొలిబియస్ ఆరో పుస్తకం లిగస్టినస్ కాలానికి దగ్గరి సాక్ష్యం. ఆయన గ్రీకువాడు, క్రీ.పూ. 167 తర్వాత బందీగా రోముకు వచ్చి దగ్గర నుంచి చూశాడు. 4,200 మంది లీజియన్‌ను ఎలా విభజించారు, శిబిరం ఎలా వేశారు, కాపలాలో నిద్రపోయినవాడిని తోటివాళ్లే ఎలా కొట్టి చంపారు, అన్నీ ఉన్నాయి. శిబిరం కొలతల దగ్గర విసుగొస్తే దాటేయండి. యూదుడైన జోసెఫస్ రాసిన ‘ది జ్యూయిష్ వార్’ మూడో పుస్తకంలో సైన్యం మీద కొన్ని పేజీలు ఉన్నాయి. వాళ్ల కసరత్తులు రక్తం చిందని యుద్ధాలు, యుద్ధాలు రక్తం చిందే కసరత్తులు అన్న మాట ఆయనదే. రోమన్లతో పోరాడి, ఓడి, వాళ్ల పంచన చేరి రాసినవాడు. ఆ పొగడ్తను అలాగే చదవాలి.

వెజీషియస్ అనే రోమన్ రచయిత విషయంలో ఒక హెచ్చరిక. శిక్షణ గురించి ఇంటర్నెట్‌లో తిరిగే మాటలు చాలావరకు ఈయనవే: రెట్టింపు బరువున్న చెక్క కత్తులు, అయిదు గంటల్లో 20 రోమన్ మైళ్ల నడక. కానీ ఆయన సామ్రాజ్యం చివరి రోజుల్లో, పాత వైభవం తిరిగి రావాలని కోరుతూ, వేర్వేరు శతాబ్దాల సంగతులు కలిపి రాశాడు. ఏది ఎప్పటిదో మొదటిసారి చదివేవాళ్లకు తెలియదు. కాబట్టి దీన్ని చివరికి ఉంచుకోండి, మిల్నర్ అనువాదం నోట్సుతో సహా.

ఎడ్వర్డ్ లుట్వాక్ ‘ది గ్రాండ్ స్ట్రాటజీ ఆఫ్ ది రోమన్ ఎంపైర్’, 1976, వ్యూహాలు ఇష్టపడేవాళ్లు తరచూ చెప్పే పేరు. తర్కం ఆకట్టుకుంటుంది. సరిహద్దు మొత్తాన్ని ఒకే బుర్ర ప్లాన్ చేసినట్టు చూపించడం మీద చరిత్రకారులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. బెంజమిన్ ఐజాక్ 1990లో రాసిన ‘ది లిమిట్స్ ఆఫ్ ఎంపైర్’ తూర్పు ప్రాంతాలు తీసుకుని, సైన్యం బయటి శత్రువు కంటే లోపలి జనం మీద ఎంత పెత్తనం చేసిందో చూపిస్తుంది. లుట్వాక్ కొంటే ఐజాక్ కూడా చదవండి. ఒక్కటే చదవగలిగితే ఐజాక్.

కొనే ముందు

బొమ్మలున్న పుస్తకాలు ఫోన్‌లో, కిండిల్‌లో కొనవద్దు. ‘ది కంప్లీట్ రోమన్ ఆర్మీ’ లాంటివాటిలో బొమ్మ ఒక పేజీలో, వివరణ పక్క పేజీలో ఉంటుంది. చిన్న తెరమీద రెండూ విడిపోతాయి. ‘ఎస్పీక్యూఆర్’, ‘ఇన్విజిబుల్ రోమన్స్’, ‘లీజనరీ’ ఈ-బుక్‌లో హాయిగా చదవొచ్చు. టాసిటస్, సీజర్, జోసెఫస్ పాత అనువాదాలు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితం. ఆ ఇంగ్లీషు 18, 19 శతాబ్దాల నాటిది కాబట్టి బరువుగా ఉంటుంది. టాసిటస్‌కు మాత్రం యార్డ్లీ చేసిన 2008 నాటి అనువాదం కొనడం మంచిది. పెర్కెనియస్ కోపం అందులో ఇప్పటి మాటల్లో వినబడుతుంది.

చేతిలో ఒక్క పుస్తకానికే డబ్బుంటే గోల్డ్స్‌వర్దీ కొనండి, వింద్‌లాండా పలకలు ఆన్‌లైన్‌లో చదవండి, లివీ 42వ పుస్తకం 34వ అధ్యాయాన్ని ప్రింట్ తీసి ఆ పుస్తకంలోనే మడిచి పెట్టుకోండి. రెండింటికి ఉంటే బౌమన్ కలపండి. మూడోది నాప్. అక్కడి నుంచి మీ ప్రశ్న పొలం వైపు వెళితే రోజెన్‌స్టైన్, కత్తి వైపు వెళితే బిషప్, కౌల్‌స్టన్.